ఐదో కాలు దొరికితేనే పేరు

ఎమ్మెస్సీ జువాలజీలో ప్రాజెక్టు అనగానే మా క్లాసులో ఎక్కువ మంది చేపలు తీసుకున్నారు. చేపలైతే పొద్దున్నే మార్కెట్‌కు పోతే చాలు, పేర్లు అమ్మేవాళ్లే చెప్తారు. మా మేడమ్ నాకు మాత్రం ఆ చేపలకు తిండి అయ్యేవాటిని అప్పగించారు. చెరువు నీళ్లలో ఉండే క్రస్టేషియన్లన్న మాట. రొయ్యకు, పీతకు చుట్టాలే గానీ, మన దగ్గర దొరికేవాటిలో చాలావరకు మిల్లీమీటరు కూడా ఉండవు. డాఫ్నియా, మోయినా లాంటి క్లాడోసెరాలు ఒక గుంపు, సైక్లాప్స్ ఉండే కోపెపాడ్లు ఇంకో గుంపు, రెండు చిప్పల మధ్య దాక్కునే ఆస్ట్రకాడ్లు మూడో గుంపు.

చూడాల్సినవి రెండు చెరువులు. ఒకటి నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లు ఉదయసముద్రం. కందూరి చోడుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువతో కృష్ణ నీళ్లు వచ్చి చేరతాయి, అందుకే ఎండాకాలంలోనూ నీళ్లుంటాయి. రెండోది మా ఊరి చెరువు. మంచి వానలు పడితే మత్తడి దుంకుతది, ఏప్రిల్ దాటితే నెర్రెలు బారుతది. ఒకే జిల్లా, ఒకే ఎండ, అయినా లోపల బతికేవాళ్లు వేరువేరు.

నీళ్లు తేవడం కష్టమేం కాదు. 60 మైక్రాన్ల నైలాన్ బట్టతో కుట్టిన శంకు లాంటి వల, దాని కొసకు ఒక సీసా. కొలిచిన బకెట్‌తో 50 లీటర్లు అందులో పోస్తే నీళ్లు పోయి, జీవులు సీసాలో మిగులుతాయి. పొద్దున ఎండ ముదరకముందే పోవాలి. ఎండెక్కే కొద్దీ చాలావరకు అడుక్కి దిగిపోతాయి. నడిమధ్య నీళ్లు ఒక్కటే తెస్తే సగమే చూసినట్టు. ఆలోనా, కైడోరస్ లాంటివి నాచును, గుర్రపుడెక్క వేళ్లను పట్టుకుని ఉంటాయి. ఆ వేళ్లను బకెట్లో జాడించి, ఆ నీళ్లను విడిగా వడకట్టుకోవాలి.

ఉదయసముద్రంలో నన్ను తెప్ప మీద తీసుకుపోయిన సొసైటీ పెద్దాయన వలను తిప్పి తిప్పి చూశాడు.

"ఏం పడ్తవ్ బిడ్డా దీంట్ల? చేపపిల్ల గూడ రాదు."

"చేపలు తినే పురుగులు కాకా."

"అవ్వి నువ్వు పట్కపోతే మా బొచ్చలేం తినాలె మరి?"

నవ్వొచ్చింది గానీ, అన్నది నిజమే. బొచ్చ చేప పైనీళ్లలో తిరుగుతూ వీటినే వడకట్టి తింటుంది. సైక్లాప్స్ అని చెప్తే ఆయనకు అర్థం కాలేదు, నారి కురుపు అనేసరికి పడవాపి మరీ చెప్పాడు. వాళ్ల నాయినకు పిక్క మీద కురుపు లేచి, పురుగును పుల్లకు చుట్టి రోజింత బయటికి లాగేవారట. ఆ పురుగు పిల్లలను మోసేది సైక్లాప్సే. దాన్ని నీళ్లతో పాటు మింగితే ఏడాదికి కాలు మీద కురుపు లేచేది. మంచినీళ్లను సన్నబట్టతో వడకట్టించి, దిగుడుబావుల్లో మందు కలిపి తరిమేశారు. 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ లేదు, 2000 ఫిబ్రవరిలో మన దేశానికి నారి లేదన్న గుర్తింపు వచ్చింది. బట్టకు చిక్కేంత పెద్దది కాబట్టే ఆ ఉపాయం పారింది.

తెచ్చిన వెంటనే ఫార్మలిన్‌లో వేస్తే క్లాడోసెరాల చిప్ప ఉబ్బిపోయి, వీపు సంచిలోని గుడ్లు బయటికి రాలిపోతాయి. అందుకని ముందు కిరాణా కొట్టు సోడా కొద్దిగా పోసి మత్తు ఎక్కించాను, తర్వాతే చక్కెర కలిపిన ఫార్మలిన్. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. పెన్నుతో రాస్తే స్పిరిట్ తాకగానే తేదీ, చెరువు పేరు అన్నీ నీలి మరకే.

లెక్కపెట్టడం కూడా తేలికే. 50 లీటర్ల సరుకును 20 మిల్లీలీటర్లకు దించి, అందులో ఒక మిల్లీలీటరును గీతల గాజుపలక మీద పోసి చూస్తాం. మోయినాలు పన్నెండు కనబడితే పన్నెండు ఇంటూ ఇరవై బై యాభై, లీటరుకు అయిదుకు కాస్త తక్కువ. ఈ లెక్క ఇంటర్ పిల్లలూ చేస్తారు. అసలు పని ఆ పన్నెండూ మోయినాలేనా అని తేల్చడం.

కోపెపాడ్లతో చాలా విసిగిపోయాను. గుడ్డులోంచి వచ్చాక నాప్లియస్ అనే పసి దశలు ఆరు, ఆ పైన ఇంకో అయిదు పిల్ల దశలు దాటితే గానీ పెద్దది కాదు. పెద్దదాన్ని చూస్తేనే జాతి పేరు చెప్పగలం. సీసాలో మాత్రం పిల్లలే ఎక్కువ. గుడ్ల సంచులు చూస్తే కొంత తేలుతుంది. తోకకు రెండు పక్కలా రెండు సంచులుంటే సైక్లోపాయిడ్, కడుపు కింద ఒకటే ఉంటే డయాప్టమస్ వైపు. ఆ తర్వాతి మెట్టే ఐదో జత కాళ్లు. చిన్న పిన్నును అగ్గిపుల్లకు అంటించి, గ్లిజరిన్ చుక్కలో జీవిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ పిన్నుతో వెనక భాగాన్ని విడదీయాలి. ఆ కాలు రెండే రెండు ముక్కలు. చివరి ముక్కకు ఉండే రెండు ముళ్లూ కొసనే పుడితే థర్మోసైక్లాప్స్. ఒకటి కొసన, ఇంకోటి లోపలి అంచు మధ్యలో పుడితే మెసోసైక్లాప్స్. ఫ్యాన్ బంద్ చేసి, ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. గ్లిజరిన్‌లో కాలు తేలిపోతే ఆ రోజు మూడ్ కూడా దాంతో పాటే పోయేది.

డయాప్టమస్‌ల పేరు చెప్పేది మగదే. కుడి మీసం వంగేలా కీలు ఉంటుంది, ఐదో కాళ్లలో కుడిది పెద్ద కొక్కెంలా, ఎడమది పొట్టిగా ఉంటుంది. నాగార్జున విశ్వవిద్యాలయంలో పనిచేసిన వై. రంగారెడ్డి గారు ఈ కుటుంబం మీద 1994లో ఇచ్చిన గైడు లేకపోతే నేను హీలియోడయాప్టమస్ దాకా కూడా వచ్చేదాన్ని కాదు. ప్రపంచమంతా వాడే గైడును మన పక్క జిల్లాల్లో తిరిగినాయన రాశాడంటే నాకు కాస్త గర్వమే.

జాబితా రాసేముందు పాత ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాను. ప్రతిదాంట్లో డాఫ్నియా పులెక్స్, సైక్లాప్స్ స్ట్రెన్యుయస్, మెసోసైక్లాప్స్ లూకార్టి. యూరప్ చల్లటి నీళ్ల పుస్తకాల్లోని పేర్లు మన మే నెల చెరువుల్లోకి వచ్చి కూర్చున్నాయి. లూకార్టి సంగతైతే 1981లోనే తేలిపోయింది. జర్మనీ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ కీఫర్ లూకార్టి పేరుతో నడుస్తున్న మెసోసైక్లాప్స్‌లను మళ్లీ పరిశీలించి, లూకార్టి ఉండేది ఉత్తరాన యూరప్, ఆసియాల్లోనే, ఉష్ణమండలంలో ఆ పేరుతో రాసుకున్నవి వేరే జాతులని చూపించాడు. నలభై ఏళ్లు దాటినా మన రిపోర్టుల్లో అది ఈదుతూనే ఉంది. ముందు బ్యాచ్ రాసింది కాబట్టి తర్వాతి బ్యాచ్ రాస్తుంది. ఇంత పొడుగు జాబితా కన్నా, పేరు పక్కన "ఎస్పీ." (స్పీషీస్‌కు, అంటే జాతికి పొట్టి రూపం) అని రాసి, ఇక్కడిదాకే తెలిసింది అని ఒప్పుకున్న అర పేజీ నాకు నమ్మకంగా అనిపిస్తుంది. సెరియోడాఫ్నియా కార్నూటానే తీసుకోండి, ఒకే సీసాలో కొమ్మున్నవీ కొమ్ములేనివీ వస్తాయి. కొమ్ము ఒక్కటే చూసి రెండు జాతులని రాస్తే జాబితా పెరుగుతుంది, అంతే.

మా ఊరి చెరువు ఎండిపోయాక శిఖంలోంచి మట్టి పెళ్లలు తెచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి, క్లోరిన్ పోయేదాకా నిలవ ఉంచిన నీళ్లు పోశాను. నీళ్లు ఎండబోయే ముందు క్లాడోసెరాలు గట్టి పెంకులో గుడ్లు పెట్టి మట్టిలో వదిలేస్తాయి. కొన్ని జాతుల గుడ్ల నుంచి దశాబ్దాలు గడిచాక కూడా పిల్లలు వచ్చాయి. డబ్బా అడుగున టార్చి వేసి చూస్తే కొన్ని రోజులకే వెలుతురు వైపు ఎగిరెగిరి వచ్చే చుక్కలు. తీసి చూస్తే మోయినా. వీపు లోపల గుండె టకటక కొట్టుకోవడం, ఆకుపచ్చ పేగు, అన్నీ అద్దంలా కనిపించాయి. మా అమ్మను పిలిచి చూపిస్తే, "మట్టిల పానం ఉన్నదే!" అని అక్కడే కూర్చుండిపోయింది. మిషన్ కాకతీయలో ట్రాక్టర్లు పొలాలకు మోసిన పూడికతో పాటు ఈ గుడ్లు ఎన్ని పోయి ఉంటాయో అనుకున్నాను. ఆ మట్టి పొలానికి మంచిదే, కాదనను.

వైవాలో ఎగ్జామినర్ సారు మొదటి ప్రశ్నే అది: "ఇన్ని ఎస్పీలేంటమ్మా, ఇంకా చదువుకోలేదా?" స్లైడు పెట్టి చూపించాను. ఆయన ఐదో కాలు చూశారు, మెసోసైక్లాప్సే అన్నారు. తర్వాత స్లైడు జరిపి, "తోక కొమ్మల లోపలి అంచు చూశావా?" అని అడిగారు. అక్కడ వెంట్రుకలుంటే అస్పెరికార్నిస్ అనే జాతి అయ్యే అవకాశం ఉందట. సన్నగా, వరుసగా వెంట్రుకలున్నాయి. అవి ఒక్క ఆడదానిలోనే ఉన్నాయా, మిగతావాటిలోనూ ఉన్నాయా చూడమని, మీసం మీది చిన్న ముళ్లు కూడా సరిచూసుకోమని చెప్పి మార్కులు వేశారు. ఉదయసముద్రం సీసాలో ఆడవి ఇంకా ఉన్నాయి, ల్యాబ్ తాళం మాత్రం సెలవులయ్యాకే దొరుకుతుంది.