కేబుల్ మార్చగానే సౌండ్ మారిందా? మారే ఉంటుంది

ఖరీదైన కేబుల్ పెడితే సౌండ్ బాగుపడుతుందా లేదా అని, హైఫై పిచ్చి, అంటే ఇంట్లో పాట ఉన్నదున్నట్టు వినాలన్న పిచ్చి, ఉన్నవాళ్ళ మధ్య గొడవ ఎప్పటికీ తెగదు. ఒకాయన స్పీకర్ల మీద పెట్టినంతా కేబుల్ మీద కూడా పెట్టి, ఇప్పుడు వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు కూడా వినిపిస్తోందండీ అంటాడు. ఇంకొకాయన ఫిజిక్స్ పుస్తకం తీసి, రాగి రాగే, నీ చెవిలో ఎవరో పువ్వు పెట్టారు అంటాడు. నేను ఇద్దరితోనూ సగం సగమే ఒప్పుకుంటా. తేడా వినిపించింది అన్నవాళ్ళని అబద్ధాలకోర్లు అనను, చాలాసార్లు నిజంగానే ఏదో మారి ఉంటుంది. కాకపోతే ఆ మారింది కేబుల్ ఖరీదు వల్లా, లేక కేబుల్ మార్చే హడావిడిలో ఇంకేదో మారడం వల్లా అన్నదే నా పేచీ.

ముందు స్పీకర్ వైరు సంగతి. లెక్క తేలిగ్గా తేలేది ఇక్కడే. వైరు సౌండ్‌ని ఏం చెయ్యాలన్నా దాని రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డుపడే గుణం, కొలత ఓమ్స్), ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని అడ్డుకునే గుణం), కెపాసిటెన్స్ (చార్జ్ దాచుకునే గుణం) ద్వారానే చెయ్యాలి, ఇంట్లో వాడే పొడవుల్లో స్పీకర్ వైరుకి వీటిలో పెద్దన్న రెసిస్టెన్సే. 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు తీసుకుని ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ దాకా 3 మీటర్లు లాగితే, పోను రాను 6 మీటర్లు, మొత్తం రెసిస్టెన్స్ 0.04 ఓమ్స్ చిల్లర. ఎదురుగా ఉన్నది 8 ఓమ్స్ స్పీకర్. వైరులో పోయే సౌండ్ 0.05 డెసిబెల్ (సౌండ్ ఎక్కువ తక్కువల కొలత) కూడా లేదు. దీన్ని ఇంకా ఎంత బాగు చేసినా బాగుపడేది ఆ 0.05 లోపలే కదా, అక్కడ మిగిలిందే అంత.

అదే స్పీకర్లతో పాటు డబ్బాలో ఫ్రీగా వచ్చే సన్న వైరు ఉంటుంది చూడండి, ఇంచుమించు 24 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం), దాన్ని 10 మీటర్లు లాగి హాలు అవతలి మూలకి కట్టారనుకోండి, పోను రాను 1.7 ఓమ్స్ దాకా అవుతుంది. స్పీకర్ వెనకాల 8 ఓమ్స్ అని రాసి ఉన్నా అది పేరుకే, అసలు స్పీకర్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్ కరెంటుకి అది అడ్డుపడే తీరు, ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందకీ పోతూ ఉంటుంది, ఒక చోట 4 కి దిగి ఇంకో చోట 30 కి ఎక్కే స్పీకర్లు బోలెడు. ఆ వైరుతో 4 ఉన్న చోట 3 డెసిబెల్స్ పోతాయి, 30 ఉన్న చోట అర డెసిబెల్ మాత్రమే పోతుంది, అంటే మీకు తెలియకుండానే రెండున్నర డెసిబెల్స్ ఈక్వలైజర్ వేసేశారన్నమాట. ఇది చెవికి తెలిసే తేడానే. ఇలాంటి వైరు పీకేసి ఖరీదైన కేబుల్ పెట్టినాయన సౌండ్ మారిపోయింది అంటే నూటికి నూరుపాళ్ళూ నిజం, కాకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే లావు వైరు పెట్టినా అచ్చం అలాగే మారేది.

1983 లో స్టీరియో రివ్యూ పత్రికకి లారెన్స్ గ్రీన్‌హిల్ అనే ఆయన చేసిన లిజనింగ్ టెస్టులో కూడా తేలింది దాదాపు ఇదే. మాన్‌స్టర్ అనే బ్రాండు ఖరీదైన కేబుల్, మామూలు 16 గేజ్ ల్యాంపు వైరు, సన్న 24 గేజ్ వైరు పోల్చారు. మ్యూజిక్ పెట్టినప్పుడు మాన్‌స్టర్‌కీ ల్యాంపు వైరుకీ తేడా పట్టలేకపోయారు, 24 గేజ్ దాన్ని మాత్రం వెనక బెంచీకి పంపించారు. నలభై ఏళ్ళు దాటింది, రాగి అయితే మారలేదు.

ఇంకో సంగతి నాకు భలే తమాషాగా ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకర్ లోపల ఉండే వాయిస్ కాయిల్ అంటే సన్నటి వైరు చుట్టే కదా, దాని రెసిస్టెన్స్ ఒక్కటే 6 ఓమ్స్ దగ్గర్లో ఉంటుంది. దానికి ముందు క్రాసోవర్‌లో (బేస్, ట్రెబుల్ విడదీసి పంపే సర్క్యూట్) ఇంకో కాయిల్, అదీ మీటర్లకి మీటర్ల రాగి. సిగ్నల్ ఎలాగూ అదంతా దాటి వెళ్ళాలి. బయట 3 మీటర్లు వెండి పరిచి లోపల ఇంత రాగి వదిలేస్తే ఆ వెండి ఎవరికి ఉపకారం? పైగా వెండి రాగి కంటే మెరుగ్గా కరెంటు మోస్తుంది అన్నది ఓ 6 శాతమే, అదే రాగిని 6 శాతం లావు తీసుకుంటే లెక్క సరి. స్కిన్ ఎఫెక్ట్ అని ఇంకోటి చెప్తారు, హై ఫ్రీక్వెన్సీ కరెంటు వైరు పైపొరలోనే నడుస్తుంది అని, నిజమే, కానీ 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా రాగిలో ఆ పొర లోతు 0.46 మిల్లీమీటర్లు, మన వైరు వ్యాసార్థం ఒక మిల్లీమీటరు కూడా లేదు, అప్పటికే చిన్నగా ఉన్న రెసిస్టెన్స్ ఇంకాస్త పెరుగుతుంది, అంతే. రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టేవాళ్ళకి అది పెద్ద తలనొప్పి, మనకి కాదు. ఇక డాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ కదలికని ఆంప్లిఫయర్ అదుపులో పెట్టే శక్తి, దారిలో రెసిస్టెన్స్ ఎంత తక్కువైతే అంత ఎక్కువ) కోసం లావు కేబుల్ కొని, దాన్ని తీసుకెళ్ళి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒకటి రెండు ఓమ్స్ ఉన్న వాక్యూమ్ ట్యూబులతో చేసిన ఆంప్లిఫయర్‌కి తగిలించేవాళ్ళని చూస్తే ఏమనాలో కూడా తోచదు.

వట్టి గోడలు, కార్పెట్ కూడా లేని గది, బేస్ ఒక కుర్చీలో దద్దరిల్లిపోతూ పక్క కుర్చీలో మాయమైపోతూ ఉంటుంది, ఆ గదిలో వెండి కేబుల్. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అంటే ఇదే. గది వల్ల బేస్ 10 డెసిబెల్స్ పైగా అటూ ఇటూ ఊగడం మామూలు విషయం, కేబుల్‌లో మనం వెతుకుతున్నది డెసిబెల్‌లో వందో వంతులు.

మరి లావు వైరు ఉన్నాయన కూడా కేబుల్ మార్చి తేడా విన్నాడు కదా, అదేంటి అంటారా. అసలు సరదా ఇక్కడే ఉంది. ఏళ్ళ తరబడి కదపని ఆర్‌సీఏ ప్లగ్గుల మీద (పరికరాలని కలిపే గుండ్రటి పిన్నులు) తుప్పు లాంటి పొర పేరుకుంటుంది, స్పీకర్ టెర్మినల్స్ స్క్రూలు వదులైపోతాయి. పాత కేబుల్ పీకి కొత్తది గుచ్చినప్పుడు ఆ పొర గీసుకుపోతుంది, స్క్రూ గట్టిగా బిగుస్తుంది, అప్పటిదాకా గరగరమంటున్న ఛానెల్ శుభ్రంగా పలుకుతుంది. పాత కేబులే పీకి మళ్ళీ గుచ్చినా ఇదంతా జరిగేది, కానీ ఆ పని ఎవరు చేస్తారు! ఇంకా చిత్రమేంటంటే పాత వైరింగ్‌లో ఒక స్పీకర్‌కి ప్లస్సు మైనస్సు తిరగబడి ఉండటం, చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది, ఎవరూ గమనించరు. అలా ఉంటే బేస్ చచ్చిపోతుంది, పాడేవాళ్ళు మధ్యలో నిలబడకుండా ఎక్కడెక్కడో తేలుతూ ఉంటారు. కొత్త కేబుల్ పెట్టేటప్పుడు జాగ్రత్తగా ఎరుపు ఎరుపుకి పెడతారు కాబట్టి సౌండ్ స్టేజ్ (ఎవరెక్కడ నిలబడి పాడుతున్నారో కళ్ళకు కట్టడం) తెరుచుకుంది, బేస్ లోతు పెరిగింది అంటారు. తెరుచుకోదా మరి!

వీటికి తోడు మనం కూర్చునే చోటు. 5 కిలోహెర్ట్జ్ శబ్దం తరంగం పొడవు 7 సెంటీమీటర్ల లోపే, గోడల మీంచి తిరిగొచ్చే శబ్దమూ నేరుగా వచ్చేదీ కలిసే చోట తల మూడు నాలుగు సెంటీమీటర్లు జరిగితే చాలు, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర చెవికి చేరేది బాగా మారిపోతుంది. ఇప్పుడు ఊహించుకోండి, ఆంప్ వెనకాలకి దూరి, కేబుల్ పీకి, కొత్తది పెట్టి, స్పీకర్ కొంచెం జరిగి, మళ్ళీ వచ్చి సోఫాలో కూలబడేసరికి ఐదు నిమిషాలు. ఇంతకుముందు విన్నది చిన్న చిన్న వివరాలతో సహా చెవిలో నిలిచేది కొన్ని సెకన్లే. ఈలోగా వాల్యూమ్ కొంచెం అటూ ఇటూ అయితే ఇంకేముంది, కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో ఉన్నది ఎక్కువ అని తెలీదు, బాగుంది అని తెలుస్తుంది, మన చెవి అంతే. బర్న్-ఇన్ అని రోజుల తరబడి కేబుల్‌ని పాడించమంటారు కదా, ఆ రోజుల్లో అలవాటు పడేది కేబుల్ కాదు వినేవాడే అని నా అనుమానం, అనుమానం ఏంటి నమ్మకమే.

ఇంతా చెప్పి కేబుల్ వల్ల ఎప్పుడూ ఏమీ మారదు అనే బ్యాచ్‌లో నన్ను వెయ్యకండి, ఎందుకంటే వాళ్ళకీ ఒక చోట గట్టి దెబ్బ ఉంది, అది రికార్డులు పాడించే టర్న్‌టేబుల్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డు మీద ఆనే సూది ఉండే భాగం) లోపలి కాయిల్ ఇండక్టెన్స్ అర హెన్రీ దాకా ఉంటుంది, కేబుల్ కెపాసిటెన్సూ ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్ పెంచే సర్క్యూట్) కెపాసిటెన్సూ దానితో కలిసి ఒక రెజొనెన్స్, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సౌండ్ ఉబ్బడం, తయారు చేస్తాయి. మొత్తం 200 పికోఫారడ్స్ (కెపాసిటెన్స్ కొలత) ఉంటే అది 16 కిలోహెర్ట్జ్ దగ్గర, 400 అయితే 11 దగ్గరికి దిగిపోతుంది, అంటే కంచు తాళాల గలగల, పాడేవాళ్ళ స, ష అక్షరాలు ఉండే చోట సౌండ్ రంగు మారుతుంది. ఇది నమ్మకం కాదు, కొలవొచ్చు, వినొచ్చు కూడా. కార్ట్రిడ్జ్ కంపెనీవాళ్ళు ఎన్ని పికోఫారడ్స్ కావాలో కాగితం మీద రాసి మరీ ఇస్తారు, మనం ఆ కాగితం పారేసి కేబుల్ రంగు చూసి కొంటాం. మీటరుకి ఎన్ని పికోఫారడ్స్ అన్న అంకె పెట్టె మీద వేసే ఖరీదైన కేబుల్ నాకైతే అరుదుగానే కనిపించింది, రాగి ప్యూరిటీ 99.9999 శాతం అని మాత్రం తొమ్మిదులు తొమ్మిదులుగా వేస్తారు.

పాసివ్ ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచకుండా వాల్యూమ్ మాత్రం తగ్గించే పెట్టె) వాడేవాళ్ళకీ ఇదే కథ. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 10 కిలో ఓమ్స్ ఉండి, మీటరుకి 100 పికోఫారడ్స్ ఉన్న కేబుల్ 5 మీటర్లు లాగితే 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఒకటిన్నర డెసిబెల్ పోతుంది. అదే కేబుల్‌ని 100 ఓమ్స్ అవుట్‌పుట్ ఉన్న డిజిటల్‌ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే మామూలు డాక్‌కి పెడితే ఏమీ పోదు. కాబట్టి ఒకరి ఇంట్లో తేడా వచ్చిన కేబుల్ మీ ఇంట్లో తేడా తెస్తుందనేం లేదు, వాళ్ళూ మీరూ ఇద్దరూ కరెక్టే అయి ఉండొచ్చు. స్పీకర్ కేబుల్‌లోనూ ఇలాంటి మెలిక ఒకటుంది: నెయిమ్ కంపెనీ ఆంప్స్‌కి కనీసం 3.5 మీటర్ల కేబుల్ వాడమని వాళ్ళే చెప్తారు, ఎందుకంటే అవుట్‌పుట్ దగ్గర మిగతావాళ్ళు పెట్టే కాయిల్ వాళ్ళు పెట్టలేదు, ఆ పని కేబుల్ ఇండక్టెన్స్‌తో చేయించుకుంటారు. కెపాసిటెన్స్ బాగా ఎక్కువున్న అల్లిక కేబుల్స్ పెడితే కొన్ని ఆంప్స్ ఆసిలేట్ అయిన, అంటే అదుపు తప్పి వాటంతట అవే సిగ్నల్ పుట్టించిన, సందర్భాలూ ఉన్నాయి. మ్యూజిక్ బాగుపడటం అటుంచి ఆంప్ కాలిపోవచ్చు.

గుయ్యిమనే హమ్ కూడా కేబుల్ దగ్గర తేలే సమస్యే, కానీ దానికి మందు మంచి షీల్డు (వైరు చుట్టూ ఉండే లోహపు తొడుగు), రెండు పరికరాలూ ఒకే ప్లగ్ బోర్డు మీద ఉండటం, వీలైతే రెండు వైర్లలో వ్యతిరేక సిగ్నల్స్ పంపి హమ్ రద్దు చేసే బాలెన్స్డ్ ఎక్స్‌ఎల్ఆర్. వెండి కాదు. కేబుల్ మీద బాణం గుర్తు చూసి అందరూ నవ్వుతారు కానీ, షీల్డుని ఒక చివరే కలిపిన, పరికరాల మధ్య సిగ్నల్ మోసే ఇంటర్‌కనెక్ట్‌లో ఆ బాణానికి అర్థం ఉంది. స్పీకర్ వైరు మీద బాణానికి మాత్రం ఏ అర్థమూ లేదు, అక్కడ కరెంటు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ పోతూనే ఉంటుంది.

డిజిటల్ కేబుల్ గురించి ఎక్కువ చెప్పను. యూఎస్‌బీ ఎసింక్రొనస్ డాక్ అయితే క్లాక్ (డేటాని టైముకి నడిపే గడియారం) డాక్ లోపలే ఉంటుంది, బిట్స్ సరిగ్గా వస్తే వచ్చినట్టు, రాకపోతే టిక్కు టిక్కుమని తెగిపోతుంది, బేస్ కొంచెం తగ్గి ట్రెబుల్ కొంచెం మెత్తబడటం లాంటివి జరిగే దారే లేదు. పవర్ కార్డ్ గురించి అసలే చెప్పను, గోడలో పదుల మీటర్ల మామూలు వైరు దాటి వచ్చిన కరెంటుకి చివరి మీటరున్నరలో మోక్షం ఏంటో.

ఎవరు ఎన్ని లెక్కలు చెప్పినా నా చెవులే నాకు సాక్ష్యం అంటారా, చాలా మంచిది, అయితే కళ్ళు మూసి చెవులనే అడగండి. అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో 1950 లోనే ఏబీఎక్స్ పద్ధతి (ఎ, బి వినిపించి, తర్వాత వినిపించే ఎక్స్ వాటిలో ఏదో చెప్పమనడం) రాసి పెట్టారు, 1980ల మొదట్లో ఆడియో పరిశోధకులు లిప్‌షిట్జ్, వాండర్‌కూయ్, డేవిడ్ క్లార్క్ లాంటివాళ్ళు దాన్ని హైఫైకి తెచ్చారు. 2007 లో బూటకాలు బయటపెట్టే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ ఖరీదైన స్పీకర్ కేబుల్స్ తేడా బ్లైండ్ టెస్టులో పట్టుకుంటే మిలియన్ డాలర్లు ఇస్తా అన్నాడు, మాటలు చాలా నడిచాయి, టెస్టు మాత్రం జరగలేదు. ఇంట్లో చెయ్యడం పెద్ద కష్టమేం కాదు, ఇంకో మనిషి నాణెం ఎగరేసి ఏ కేబుల్ పెట్టాలో తేల్చుకోవాలి, మీకు కనిపించకూడదు, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజీ మల్టీమీటర్‌తో చూసి 0.1 డెసిబెల్ లోపు సమానం చేసుకోవాలి. పదిసార్లలో 7 కరెక్ట్ చెప్తే మురిసిపోకండి, ఊరికే గుడ్డిగా చెప్పినా 7 లేదా అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం 17 శాతం. 9 వస్తే అది ఒక్క శాతానికి దిగుతుంది, అప్పుడు నేను కూడా కుర్చీ లాక్కుని కూర్చుంటా, ఆ కేబుల్‌కి మీటరు పెట్టి ఏ అంకె మారిందో చూద్దాం.

వైరు కొనేటప్పుడు నేను చూసేది ఒకటే, అది నిజంగా రాగేనా కాదా. బయట లావుగా రబ్బరు, లోపల అల్యూమినియం మీద రాగి పూత వేసిన పోగులు, ఇలాంటివి రాగి అని అమ్మేస్తుంటారు, వాటి కండక్టివిటీ రాగిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు, పైగా వంచితే తొందరగా విరుగుతాయి. చేతిలో పట్టుకుంటేనే తేలిగ్గా అనిపిస్తాయి. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే అల్యూమినియమే, వెనక్కి ఇచ్చేయండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా వస్తే మాత్రం కంగారు పడకండి, అది తగరం పూత వేసిన రాగి, హాయిగా వాడుకోవచ్చు.