కార్టింగ్ వార్త జిల్లా పేజీకి ఎక్కిన తీరు

మా అక్క కొడుకుకు పన్నెండేళ్లు. జాతీయ కార్టింగ్ పోటీల్లో, అంటే కార్ట్ అనే పైకప్పు లేని చిన్న నాలుగు చక్రాల రేసు బండి పోటీల్లో, మినీ మ్యాక్స్ అనే పిల్లల విభాగంలో బండి పరిగెత్తిస్తాడు. దేశంలో మోటార్ క్రీడలను నడిపే ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చిన లైసెన్సు ఉంది. అయినా మహబూబ్‌నగర్‌లో వాడి బడిలోనే ఆ సంగతి సగం మందికి తెలియదు. స్పాన్సర్ కోసం ఏ షాపు మెట్లెక్కినా "ఏ పేపర్‌ల వచ్చింది?" అనే ప్రశ్నే. టైర్లు, ఇంజిన్ సర్వీసింగ్, బెంగళూరు, కోయంబత్తూరు ప్రయాణాలు అన్నీ బావ జీతంలోంచే. ముందు ఊరికి తెలియాలి, డబ్బు సంగతి తర్వాత అనుకుని ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను.

రేసుల నిర్వాహకులు ఇంగ్లిష్‌లో ప్రెస్‌నోట్ పంపుతారు. జిల్లా విలేకరికి అది ఎందుకూ పనికిరాదు. అందులో స్పాన్సర్ల పేర్లు ముందుంటాయి, పిల్లవాడి ఊరు ఎక్కడా ఉండదు. అందుకే తెలుగులో నేనే రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో పేరు, తరగతి, బడి. రెండో దాంట్లో ఎన్నో స్థానంలో మొదలుపెట్టి ఎన్నో స్థానంలో ముగించాడో. విభాగం పేరు ఆ తర్వాతే. ఫొటో హెల్మెట్ చేతిలో పట్టుకున్నదే పంపాలి, పెట్టుకుంటే మొహం కనిపించదు. ఆదివారం రేసు అయిపోగానే, సాయంత్రం పేజీలు కట్టేలోపే వాట్సాప్ చేయాలి. సోమవారం పంపితే అది పాత వార్త.

ఒక విలేకరి నిజాయితీగానే అడిగాడు: "అన్నా, ఇది రోడ్ల మీద పోరగాళ్లు కొట్టే రేసింగ్ లాంటిదేనా? చిన్నపిల్లలకు లైసెన్స్ ఎట్ల ఇస్తరు?" ఇది బండి లైసెన్స్ కాదు, పోటీ లైసెన్స్ అని చెప్పాను. మూసి ఉన్న ట్రాక్, జెండాలు ఊపి డ్రైవర్లను హెచ్చరించే మార్షల్స్, రేసు కాగానే కార్టునూ డ్రైవర్‌నూ కలిపి కాటా మీద తూచడం, బరువు తగ్గితే ఆ ఫలితం లెక్కలోంచి తీసేయడం, ఇవన్నీ వివరించాను. భారత్ నుంచి ఫార్ములా వన్‌లో పోటీపడ్డవాళ్లు ఇద్దరే, 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చాందోక్ అని చెప్పేసరికి పెన్ను తీశాడు. నాకైతే ఆ రోజే సగం పని అయిపోయినట్టు అనిపించింది.

అయితే పేపర్ కన్నా గట్టిగా పనిచేసింది బడి. హెడ్‌మాస్టర్ సార్‌ను ఒప్పించి కార్టును బొలెరో ట్రాలీలో ఎక్కించి గ్రౌండ్‌కు తెచ్చాం. ఇంజిన్ ఆన్ చేయలేదు, స్టాండు మీద పెట్టామంతే. పిల్లలు చుట్టూ మూగారు. సీటు నేలకు తగిలేంత కిందికి ఉంటుంది, స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. వెనక ఇరుసు ఒకటే కడ్డీ. ఒక అమ్మాయి చక్రం చేత్తో తిప్పి, "సార్, రెండోది కూడా తిరుగుతుందేంటి?" అంది. మా వాడే జవాబు చెప్పాడు: కారులో రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంటుంది, దీనికి లేదు, అందుకే మలుపులో లోపలి వెనక చక్రం కాస్త పైకి లేవాలి, లేదంటే కార్టు తిరగనని మొండికేస్తుంది. సైన్స్ మేడమ్ అక్కడికక్కడే బోర్డు తెప్పించి బొమ్మ గీశారు. ఆ వీడియోను లోకల్ కేబుల్ చానల్ రెండు రోజులు తిప్పింది.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ఆ డ్రైవర్లలో ఎక్కువమంది చిన్నప్పుడు ఇలాంటి కార్టుల్లోనే మొదలుపెట్టారని చెబితే చాలు, మాట కలుస్తుంది.

తర్వాతి రేసు ఫలితం జోన్ పేజీలో మూడు కాలమ్‌లలో వచ్చింది. న్యూటౌన్‌లోని ఒక టైర్ల షాపాయన సీజన్‌కు సరిపడా ప్రాక్టీస్ టైర్లకు డబ్బులిచ్చి, స్టిక్కర్ ఎక్కడ వేయాలో తనే చూపించారు. చక్రం తిప్పిన ఆ అమ్మాయి వాళ్ల నాన్న జడ్చర్ల నుంచి ఫోన్ చేసి ఖర్చెంత, వయసెంత అని అడిగారు. కార్టింగ్ తర్వాతి మెట్టయిన ఫార్ములా 4 కార్ల రేసులకు పదిహేనేళ్లు నిండాలి, అప్పటిదాకా కార్టింగే, ముందు శంషాబాద్ ట్రాక్‌లో అద్దె కార్టు మీద కూర్చోబెట్టి చూడండి అని చెప్పాను. ఈ ఆదివారం వాళ్లు మాతోనే వస్తున్నారు.