బాలింతగా ఉన్నప్పుడు నా థైరాయిడ్ పడిలేచిన తీరు

పాపకు మూడో నెల వచ్చేసరికి నాకు గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. బాగానే తింటున్నా బరువు తగ్గిపోతున్నాను. "నిద్ర లేదు కదా, బాలింత ఒళ్లు అలాగే ఉంటుందిలే" అంది అమ్మ. కానీ పాప పడుకున్నాక నేను కదలకుండా కూర్చున్నా నాడి నిమిషానికి 110 దాకా కొట్టుకునేది. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని చెప్పే హార్మోన్) 0.02, అంటే బాగా తక్కువ. ఫ్రీ టీ4, అంటే రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోన్, ఎక్కువ.

డాక్టరు గారు వెంటనే థైరాయిడ్‌ను అణిచే మందు రాయలేదు. ముందు యాంటీబాడీ పరీక్షలు చేయించారు. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులో కనిపించేవి లేవు, థైరాయిడ్ మీదే దాడి చేసే యాంటీ టీపీవో అనే యాంటీబాడీ మాత్రం బాగా ఎక్కువగా ఉంది. "ప్రసవమయ్యాక కొందరికి వచ్చే థైరాయిడ్ వాపమ్మా ఇది. గ్రంథి కొత్తగా ఎక్కువ తయారు చేయట్లేదు, దాచుకున్నది రక్తంలోకి కారిపోతోంది" అన్నారు. తయారీని ఆపే మందు అందుకే పనిచేయదట. దడ తగ్గడానికి కొన్ని వారాలు ప్రొప్రనలాల్ ఇచ్చి, మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

దడ పోయింది. ఆ వెనకే మరో బాధ వచ్చింది. ఎండాకాలంలో కూడా చలి, బొంగురు గొంతు, మలబద్ధకం. పాప ఏడుస్తుంటే లేవడానికి ఒళ్లు సహకరించేది కాదు. నాకు బిడ్డ మీద ప్రేమ లేదేమోనని రాత్రిళ్లు ఏడ్చాను. ఈసారి టీఎస్‌హెచ్ 28, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువైందని.

"మొన్న ఎక్కువన్నారు, ఇప్పుడు తక్కువంటున్నారు. ల్యాబు మార్చమ్మా" అన్నారు అత్తయ్య. ల్యాబు తప్పేమీ లేదు. గాదెకు కన్నం పడితే ముందు వాకిలంతా గింజలే, తర్వాత గాదె ఖాళీ. రెండు రిపోర్టులూ ఒకే జబ్బువి. పైగా టీఎస్‌హెచ్ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇచ్చే హార్మోన్. రక్తంలో టీ4 సగానికి తగ్గితే అది వంద రెట్లు పెరగగలదు. అంకె భయపెట్టినంతగా టీ4 పడిపోలేదని ఫ్రీ టీ4 పక్కన పెట్టి చూపిస్తేనే నాకు అర్థమైంది. అంత నీరసానికి ఒక కారణం ఉందని తెలియడమే నాకు సగం మందు.

తక్కువైన హార్మోన్‌ను భర్తీ చేసే లెవోథైరాక్సిన్ బిళ్ల రాశారు, 50 మైక్రోగ్రాములు, పరగడుపున. పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదన్నారు. బాలింతలకిచ్చే ఐరన్, కాల్షియం బిళ్లలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. రెండు వారాలకే పరీక్ష చేయించుకుంటానంటే వద్దన్నారు. ఈ మందు రక్తంలో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు వారాలైనా కావాలి. ఆరు వారాలయ్యాక 9 వచ్చింది, ఆ తర్వాత మామూలు స్థాయికి, 3.1కి దిగింది. నాకైతే అంకె కన్నా ముందే, పాపను ఎత్తుకుని మేడ మెట్లెక్కగలిగిన రోజున తేడా తెలిసింది.

పాపకు ఏడాది దాటాక మోతాదు సగం చేశారు, తర్వాత పూర్తిగా ఆపేశారు. ఆపాక చేసిన పరీక్షలో 2.8. అందరికీ ఇలా పూర్తిగా తగ్గదు, కొందరికి మందు జీవితాంతం కావాలి. నాకు యాంటీబాడీలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఏటా ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకుంటున్నాను. రెండో బిడ్డ అనుకుంటే గర్భం రాకముందే ఒకసారి, ప్రసవమయ్యాక మళ్లీ చేయించుకోమన్నారు.