చెవిపోటు అనుకున్న దవడ నొప్పి

కిందటి ఏడాది మార్చి నెలాఖరున, ఆర్థిక సంవత్సరం లెక్కలు ముగించే హడావుడిలో ఉండగా, నాకు కుడి చెవిలో పోటు మొదలైంది. నాంపల్లిలోని మా కార్యాలయంలో సాయంత్రం నాలుగు దాటేసరికి చెవి లోపల ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్లుండేది, మెట్రో ఎల్.బి. నగర్ చేరేసరికి ఆ పోటు కణత మీదికి పాకి తలనొప్పిగా మారేది. మా అత్తయ్యగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో వేస్తానని సిద్ధమైతే వద్దని వారించాను గాని, నేను చేసినది అంతకంటే తెలివైన పనేమీ కాదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కల మందును పది రోజులు వాడాను. పోటు ఏమాత్రం తగ్గలేదు.

చివరకు చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు వెళ్ళాను. ఆయన చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి శుభ్రంగా ఉందని చెప్పి, నా రెండు చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూయమన్నారు. కుడి వేలి కింద ‘టక్’ మన్నది ఆయనకూ తెలిసింది, నాకూ వినిపించింది. “చెవికి ఏ జబ్బూ లేదమ్మా, మీరు పళ్ళ డాక్టరుకు చూపించుకోండి” అన్నారు. ఆ మాట విన్నప్పుడు, నన్ను త్వరగా వదిలించుకోవడానికి అంటున్నారేమోనని అనుమానపడ్డాను. ఆ అనుమానానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, ఎందుకంటే తర్వాతి రెండు నెలల్లో నేను విన్న సలహాలలో అంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

కింది దవడ ఎముక పై చివర గుండ్రటి మొనగా తేలి, చెవి రంధ్రానికి సరిగ్గా ముందు, కణత ఎముకలోని చిన్న గుంటలో కూర్చుంటుంది. ఈ రెండు ఎముకల మధ్య, అవి ఒరుసుకోకుండా, పలుచని మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. తలుపు బందులాగా తిరగడం ఒక్కటే ఈ కీలు పని అయితే ఇన్ని చిక్కులు ఉండేవి కావు. నోరు కొంచెం తెరిచినప్పుడు తిరుగుతుంది, ఇంకా తెరిస్తే గుంటలోనుంచి ముందుకు జారుతుంది, మూసినప్పుడు వెనక్కి వస్తుంది. పైగా ఎడమ, కుడి కీళ్ళు ఒకే ఎముకకు రెండు కొసలు కాబట్టి ఒకటి కుంటితే రెండవది కూడా దాని భారం మోయాలి. ఈ కీలుకు స్పర్శనిచ్చే నరపు కొమ్మే చెవి ముందరి భాగానికీ, కణతకూ వెళ్తుంది. అందువల్ల కీలుకో, నమిలే కండరాలకో వచ్చిన నొప్పి చెవిలో ఉన్నట్లు అనిపించడం వింతేమీ కాదు. ఈ సంబంధాన్ని 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా వైద్యుడు ఒక వ్యాసంలో వివరించారు. ఆయన కూడా చెవి, ముక్కు, గొంతు వైద్యుడే. వెనుక పళ్ళు ఊడిపోవడం వల్ల దవడ వెనక్కి నొక్కుకుపోయి ఇదంతా జరుగుతుందని ఆయన చెప్పిన కారణం తరువాత నిలవలేదు గాని, చెవి బాగుండి కూడా చెవి నొప్పి రావచ్చునన్న మాట మాత్రం నిలిచింది.

ఏప్రిల్ మధ్యలో ఒక ఉదయం లేచి ఆవులించబోతే నోరు రెండు వేళ్ళ మందం దాటి తెరుచుకోలేదు. రోజూ వినిపించే ‘టక్’ చప్పుడు ఆ వేళ లేదు. ఇడ్లీని కూడా చిదిమి లోపలికి తోయవలసి వచ్చింది. వేడి నీళ్ళతో స్నానం చేసిన కొంతసేపటికి ఏదో సర్దుకున్నట్లై చప్పుడు తిరిగి వచ్చింది, నోరూ తెరుచుకుంది. భయంతో అదే రోజు ఇంటికి దగ్గరలోని ఒక దంత వైద్యశాలకు వెళ్ళాను. అక్కడ నా నోటిని పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడలేదు. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే ఒకటి తీసి, నా పళ్ళ కలయిక సరిగా లేదని, కొన్ని పళ్ళను అరగదీసి, వెనుక పళ్ళకు క్యాపులు వేసి, ఆ పైన ఏడాదిన్నర పాటు క్లిప్పులు పెట్టుకుంటే తప్ప నయం కాదని చెప్పారు. చెప్పిన మొత్తం లక్షల్లో ఉంది. నెల నెలా వాయిదాల్లో కట్టవచ్చన్న కాగితం కూడా చేతిలో పెట్టారు. లెక్కల మనిషిని కాబట్టి ఆ కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. వడ్డీ సంగతి నాకు వెంటనే అర్థమైంది గాని, ఒకసారి అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదన్న సంగతి ఇంటికి వచ్చాక గాని తట్టలేదు.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ఉన్న ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళ్ళమని మా కార్యాలయంలోని సహోద్యోగిని ఒకరు సలహా ఇచ్చారు. దవడ కీలు నొప్పిని ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల) విభాగంలో చూస్తారన్న విషయం అప్పటి వరకు నాకు తెలియదు. పళ్ళ డాక్టర్లంటే పళ్ళు పీకేవారు, సిమెంటు పెట్టేవారు అన్న అభిప్రాయంలోనే ఉన్నాను. ఉదయం వెళ్ళి చీటీ రాయించుకుని వరుసలో కూర్చుంటే మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ నోట్లో లైటు వేయడానికి ముందే చాలా ప్రశ్నలు అడిగారు. నొప్పి పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? నిద్రలో పళ్ళు కొరుకుతానని ఇంట్లో ఎవరైనా చెప్పారా? ఎప్పుడైనా దవడకు దెబ్బ తగిలిందా? ఏ ఉద్యోగం, ఎన్ని గంటలు? లేవగానే దవడ బిగుసుకుని ఉంటే రాత్రి పళ్ళు కొరకడాన్ని, సాయంత్రానికి నొప్పి పెరిగితే పగలు తెలియకుండా పళ్ళు బిగించడాన్ని ముందుగా అనుమానిస్తామని చెప్పారు. ఆ తరువాత చిన్న స్కేలుతో నా పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య ఎంత తెరుచుకుంటోందో కొలిచారు: 31 మిల్లీమీటర్లు. పెద్దవారికి సాధారణంగా 40 మిల్లీమీటర్లు, అంతకు పైన తెరుచుకోవాలి. ఇంట్లో స్కేలు లేనివారు తమ సొంత వేళ్ళు మూడు ఒకదానిమీద ఒకటిగా నిలువునా పట్టి చూసుకుంటే సుమారుగా తెలిసిపోతుంది.

పరీక్షలో నాకు బాగా గుర్తుండిపోయినది ఒకటి ఉంది. ఆమె నా చెంప కండరాన్ని, దవడ మూలకు కాస్త పైన, వేలితో కొన్ని క్షణాలు నొక్కి పట్టి, నొప్పిగా ఉందా అని అడిగారు. ఉందన్నాను. వెంటనే, “మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?” అని అడిగారు. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే పోటు చెవిలోకి ఎక్కింది. అదే నొప్పి, అదే చోటు! గట్టిగా నొక్కితే ఎవరికైనా కొంత నొప్పి పుడుతుంది కాబట్టి, నొక్కినప్పుడు వచ్చిన నొప్పి రోగికి పరిచయమైనదేనా అన్న రెండవ ప్రశ్నే అసలు పరీక్ష. 2014లో ప్రచురితమైన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాలు కూడా దానికే పెద్ద పీట వేశాయి. పది రోజులు చెవిలో మందు పోసుకున్న నాకు, ఆ నొప్పి చెంపలో పుడుతోందని ఒక్క వేలితో చూపించినప్పుడు కలిగిన ఊరటను మాటల్లో చెప్పలేను.

చప్పుడు సంగతి అడిగాను. ఎముకల మధ్య బిళ్ళ కొద్దిగా ముందుకు తొలగి ఉందని, నోరు తెరిచినప్పుడు ఎముక దాని మీదికి ఎక్కేటప్పుడు ‘టక్’ మంటుందని, ఇది చాలామందికి ఉంటుందని, నొప్పి లేనంతవరకు దీనికి చికిత్స అక్కర లేదని చెప్పారు. ఆ ఉదయం నోరు తెరుచుకోకపోవడానికి కారణం, బిళ్ళ ముందే ఉండిపోయి ఎముకకు దారి ఇవ్వకపోవడం. అంటే ఎప్పుడూ ఉండే చప్పుడు హఠాత్తుగా మాయమై, దానితోపాటు నోరు కూడా తెరుచుకోకపోతే దాన్ని తగ్గుదలగా భావించకూడదు. నేను తీసుకెళ్ళిన ఎక్స్‌రేలో ఎముక ఆకారం, పళ్ళ వేళ్ళు కనిపిస్తాయి గాని ఆ బిళ్ళ కనిపించదట. బిళ్ళను చూడాలంటే ఎమ్మారై తీయాలి. చికిత్స మారే అవకాశం లేనప్పుడు అది అనవసరమని ఆమె రాయలేదు.

నా పక్క కుర్చీలో పాతికేళ్ళ యువకుడొకడు కూర్చుని ఉన్నాడు. అతనికీ నోరు తెరుచుకోదు, అతనూ దవడ కీలు పట్టేసిందనే వచ్చాడు. అయితే అతని బుగ్గల లోపలి పొర తెల్లబారి, తోలులా బిగుసుకుపోయిందని డాక్టరమ్మ తన విద్యార్థులకు చూపించారు. అది వక్క, గుట్కా నమలడం వల్ల వచ్చే వేరే జబ్బు. కొందరిలో క్యాన్సరుకు దారి తీస్తుంది. నోరు తెరుచుకోకపోవడం ఒక్కటే చూసి అన్నింటినీ ఒక గాటన కట్టకూడదని ఆ రోజు అర్థమైంది. జ్ఞాన దంతం చుట్టూ చీము పట్టినా నోరు బిగుసుకుపోతుంది. యాభై దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పి, కొత్తగా కణత నొప్పి, చూపులో తేడా కలిసి వస్తే అది రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యం చేస్తే చూపు పోవచ్చు. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పితో వెళ్ళవలసినది గుండె వైద్యుని వద్దకు.

ఇక నాకిచ్చిన చికిత్స. ఇంత చిన్నదా అని మొదట నిరాశ పడ్డాను. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తాకకూడదు. “ ‘న’ అని పలికి, నాలుక ఎక్కడ ఆగిందో అక్కడే ఉంచి, పెదవులు మూయండి, దవడకు అదే విశ్రాంతి” అన్నారు. చదువుతున్నవారు ఒకసారి పలికి చూడండి, పళ్ళు వాటంతట అవే ఎడమవుతాయి. దాన్ని గుర్తు చేయడానికి కంప్యూటరు తెర మూలన ఒక ఎర్రటి బిళ్ళ స్టిక్కరు అంటించుకోమన్నారు. నా బొట్టు బిళ్ళే ఒకటి తీసి అంటించాను. మొదటి రోజు దాని మీద చూపు పడినప్పుడల్లా పళ్ళు బిగించే ఉన్నాను; లెక్క కలవని చోట మరీ గట్టిగా.

వేడి కాపడం రోజుకు రెండుసార్లు. నొప్పి మాత్రలు వారం రోజులే, అదీ భోజనం తరువాత. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించడం. ఆరు వారాలు మెత్తటి తిండి: మటన్ బిర్యానీ, కాల్చిన మక్క కంకులు, చూయింగ్ గమ్ వద్దన్నారు, కిచిడీ, ఖట్టా, పెరుగన్నం తినమన్నారు. ఎండాకాలం కావడం వల్ల రసాల మామిడి పండ్లతో ఆ లోటు చాలా వరకు తీరింది. ఫిజియోథెరపీ విభాగంలో ఒకామె నాలుకను అంగిలికి ఆనించి నోరు తిన్నగా తెరవడం, గడ్డానికి చేయి అడ్డుపెట్టి నెమ్మదిగా నెట్టడం, మెడ నిటారుగా ఉంచడం నేర్పారు. ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు మూడు పూటలు. ఫోను మీదికి మెడ వంచి మెట్రోలో గంటసేపు నిలబడే నాకు చివరిది అన్నింటికంటే కష్టమైంది.

రాత్రి పూట పళ్ళకు పెట్టుకునే తొడుగు, అంటే నైట్ గార్డ్ గురించి డాక్టరమ్మ చెప్పిన తీరు నాకు నచ్చింది. అది తప్పకుండా నొప్పి తగ్గిస్తుందని ఆమె అనలేదు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి వ్యాయామం, చేతితో చేసే చికిత్స, మానసిక ఒత్తిడిని ఎదుర్కొనే శిక్షణ వంటివాటిని గట్టిగా సమర్థించాయి గాని, ఇలాంటి పళ్ళ తొడుగుల విషయంలో మొగ్గు చూపలేదు. అయితే నా వెనుక పళ్ళ మొనలు అప్పటికే అరిగి చదునైనందువల్ల, పళ్ళను కాపాడటానికి అది పనికి వస్తుందన్నారు. పుట్టీతో అచ్చు తీసి, గట్టి ప్లాస్టిక్‌తో చేయించి, పళ్ళన్నీ సమానంగా ఆనేదాకా మూడుసార్లు పిలిపించి సరిచేశారు. రాత్రి మాత్రమే పెట్టుకోవాలి. రోజంతా ఉంచితే పళ్ళ కలయికే మారిపోయే ప్రమాదం ఉంది. వేడి నీళ్ళలో ముంచి కొరికే రకాన్ని ఇంటర్నెట్‌లో కొందామనుకుంటున్నానంటే వద్దన్నారు. మెత్తటివాటిని కొందరు నిద్రలో ఇంకా ఎక్కువగా నములుతారట.

పళ్ళు అరగదీయడం, క్లిప్పులు పెట్టడం దవడ నొప్పికి చికిత్స కాదని ఆమె స్పష్టంగా చెప్పారు. వంకర పళ్ళు సరిచేసుకోవాలనుకుంటే అది వేరే సంగతి. నోరు నెలల తరబడి తెరుచుకోకపోతే రెండు సూదులతో కీలును సెలైన్‌తో కడిగే పద్ధతి ఉంది. కీలు తెరిచి చేసే శస్త్రచికిత్స అవసరమయ్యేవారు చాలా కొద్దిమంది. 1980లలో అమెరికాలో ఆ బిళ్ళను తీసివేసి దాని స్థానంలో టెఫ్లాన్ పూసిన కృత్రిమ బిళ్ళలు పెట్టేవారు. అవి నమలడంలో చిట్లి, ఆ తునకలకు శరీరం ప్రతిస్పందించి చుట్టుపక్కల ఎముకనే తినివేసింది. 1990ల మొదట్లో వాటిని వెనక్కి తీసుకున్నారు. కొందరికి అప్పటికే దవడ కీలు మిగలలేదు. ఈ చరిత్ర చదివిన రోజున వాయిదాల కాగితాన్ని చింపి పారేశాను.

మూడవ వారానికి చెవిపోటు రోజు విడిచి రోజు వచ్చింది. ఆరవ వారానికి స్కేలు 38 చూపించింది. ఆగస్టులో 42. మధ్యలో రిటర్నుల గడువు దగ్గర పడిన వారంలో నొప్పి మళ్ళీ తిరగబెట్టింది, కాపడంతో తగ్గింది. నేను రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నానని తెలిసిన మా అత్తయ్యగారు కడుపులో నులిపురుగులేనని తేల్చారు. నులిపురుగులకూ దీనికీ సంబంధం లేదని చెప్పినా, ఆవిడ తృప్తి కోసం ఒక మాత్ర వేసుకున్నాను.

ఈ సంక్రాంతికి ఆవిడ సకినాలు చేశారు. గట్టిగా, గోధుమ రంగులో, నువ్వులు దట్టించి. చాయ్‌లో ముంచుకుని రెండు తిన్నాను. ‘టక్’ మన్న చప్పుడు పక్కన కూర్చున్న ఆవిడకు వినిపించింది. “ఇంకా తగ్గలేదా అమ్మా?” అని అడిగారు. నొప్పి లేదని చెప్పి మూడవది తీసుకున్నాను.