ఆ పిల్ల రుమాలు మడత పెట్టింది

రాత్రి అమ్మతో కలిసి ‘ది మిరకిల్ వర్కర్’ చూశాను. 1959లో బ్రాడ్వేలో ఆడిన నాటకాన్నే 1962లో సినిమాగా తీశారు. చూపూ వినికిడీ లేని చిన్నారి హెలెన్ కెల్లర్‌గా ప్యాటీ డ్యూక్, ఆమె టీచరు ఆనీ సలివన్‌గా ఆన్ బ్యాంక్రాఫ్ట్ రెండింటిలోనూ నటించారు. సినిమాకు ఇద్దరికీ ఆస్కార్లు వచ్చాయి. రాకుండా ఎలా ఉంటాయి!

భోజనాల గదిలో ఆ పెనుగులాట ఉంది చూడండి, మాటలు దాదాపు లేవు. టీచరు చెంచా చేతికిస్తుంది, పిల్ల విసిరేస్తుంది, మళ్లీ ఇస్తుంది. గదంతా చిందరవందరయ్యాక, బిడ్డ తన రుమాలు మడత పెట్టిందని విని తల్లి ఏడ్చింది. అమ్మ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చివరికి పంపు దగ్గర చేతి మీద నీళ్లు పడుతుంటే, పసితనంలో నీళ్లను చూసి పలికిన ఒకే ఒక్క మాట ఆ గొంతులోంచి పెగిలింది: “వా... వా...” ఆ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది.