లివర్‌పూల్‌లో డాంటే కల
మాంచెస్టర్ నుంచి రైల్లో లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగితే వాకర్ ఆర్ట్ గ్యాలరీ నాలుగడుగుల దూరం, టికెట్ కూడా లేదు. నేను వెళ్లింది ఒక్క బొమ్మ కోసమే, పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ చిత్రకారుడు రోసెట్టి వేసిన 'డాంటేస్ డ్రీమ్'.

ఏడడుగుల ఎత్తు, పదడుగుల పైన వెడల్పు. రోసెట్టి బొమ్మల్లో ఇదే అన్నిటికంటే పెద్దది, 1871లో ముగించాడు. కథ ఇటలీ కవి డాంటే వయసులో ఉండగా తన ప్రేమ గురించి రాసిన 'వీటా నువోవా' అనే పుస్తకంలోది. ప్రేమించిన బియాట్రిస్ చనిపోయినట్టు కల వస్తుంది, ప్రేమే మనిషి రూపంలో వచ్చి అతన్ని ఆమె దగ్గరికి తీసుకెళ్తుంది.

ఆ ప్రేమని రోసెట్టి ఎర్రబట్టల కుర్రాడిగా వేశాడు. భుజాన క్రైస్తవ యాత్రికులు గుర్తుగా పెట్టుకునే ఆల్చిప్ప, చేతిలో బాణం, దాంతోపాటే ఆపిల్ పూల కొమ్మ. చూడగానే మన మన్మథుడి మామిడిపూత బాణం గుర్తొచ్చింది, కాకపోతే మనవాడిని శివుడు కాల్చేశాక ఒళ్లే లేదు, ఇతను మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అతని చేతుల దగ్గరే: ఒక చేత్తో డాంటేని పట్టుకున్నాడు, అలా పట్టుకునే వంగి బియాట్రిస్‌ని ముద్దు పెట్టుకుంటున్నాడు, బాణం మొన చూస్తే డాంటే గుండెవైపు ఉంది. అంటే డాంటే జన్మలో పెట్టలేని ముద్దుని ప్రేమ అతని తరఫున పెడుతోంది, అతనేమో నిద్రలో నడిచేవాడిలా చూస్తూ నిలబడ్డాడు. పచ్చబట్టల ఆడవాళ్లిద్దరు పూలు నిండిన దుప్పటిని ఆమె మీద పట్టుకుని ఉన్నారు, ఇంకా కప్పలేదు. నేలంతా గసగసాల పూలు, నిద్రకు గుర్తు.

బియాట్రిస్ ముఖం జేన్ మోరిస్‌ది, రోసెట్టి స్నేహితుడు విలియం మోరిస్ భార్య. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ ముద్దు ఇంకోలా కనిపిస్తుంది, ఏం చేస్తాం!

ఇంత పెద్దది వేయమని ఎవరూ అడగలేదట. కొన్న విలియం గ్రేహమ్ ఇంట్లో పట్టక తిరిగిచ్చేసి, చిన్న కాపీ వేయించుకున్నాడు. చేతులు మారి చివరికి 1881లో లివర్‌పూల్‌కి చేరింది, మరుసటి ఏడే రోసెట్టి పోయాడు. ఆ చిన్న కాపీ స్కాట్లాండ్‌లో డండీలో ఉంది, ఎడిన్‌బరో వెళ్లేవాళ్లు కొంచెం ముందుకెళ్తే అదీ చూడొచ్చు. నా ఓటు మాత్రం పెద్దదానికే, మనిషంత మనుషులు ఎదురుగా నిలబడితే తప్ప ఈ కథ ఎక్కదు.