కారు డోర్ లాక్ మార్చేముందు ఒకసారి విప్పి చూడండి

డోర్ లాక్ పాడైందని షెడ్డుకి తీసుకెళ్తే తరచూ వినపడే మాట "లాచ్ మొత్తం మార్చాలి" అని. లాచ్ అంటే డోర్ అంచున ఉండి, డోర్‌ను మూసి పట్టి ఉంచే గొళ్లెం భాగం. విప్పి చూస్తే చాలాసార్లు లాచ్ బాగానే ఉంటుంది. హ్యాండిల్ నుంచి లాచ్‌కి వెళ్లే సన్నటి రాడ్డును పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది, లేదా పాత గ్రీజు దుమ్ముతో కలిసి గట్టిపడి ఉంటుంది. మన శ్రీకాకుళం వైపు ఈ రెండోది ఎక్కువ. బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచి భోగాపురం దాకా ఉప్పుగాలి. టెక్కలి చుట్టుపక్కలకి వెళ్తే గ్రానైట్ దుమ్ము. ఈ రెంటికీ డోర్‌లో మొదట దొరికేది లాచే.

పానా పట్టుకునే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. బయట హ్యాండిల్‌తో తెరుచుకుని లోపలి హ్యాండిల్‌తో తెరుచుకోకపోతే, వెనక డోర్ అయితే ముందు చైల్డ్ లాక్ (లోపలి నుంచి తెరుచుకోకుండా చేసేది) చూడండి. పిల్లలు డోర్ అంచున ఉన్న దాని చిన్న మీటను కదిపేసి ఉంటారు. అది సరిగానే ఉంటే లోపలి కేబుల్ జారింది. బయట హ్యాండిల్ వదులుగా ఊగుతూ ఏమీ జరగకపోతే రాడ్డు క్లిప్పు పోయింది. తాళంచెవి అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతుంటే సిలిండర్ (చెవి దూరే గొట్టం) వెనక రాడ్డు ఊడింది. చెవి బిగుసుకుంటే మాత్రం బలం పెట్టకండి, స్పేర్ చెవితో చూడండి. స్పేర్ చెవితో తిరిగితే అరిగింది చెవే గాని లాక్ కాదు. నాలుగు డోర్లూ ఒకేసారి రిమోట్‌కి పలకకపోతే ఫ్యూజు, డ్రైవర్ డోర్ స్విచ్చు చూడాలి. ఒక్క డోరే పలకకపోతే ఆ డోర్ మోటారుగానీ, డోర్‌కీ పిల్లర్‌కీ (డోర్ కీలు బిగించిన కారు స్తంభానికీ) మధ్య రబ్బరు గొట్టంలో మడతపడి తెగిన వైరుగానీ కారణం. వైరు పరీక్షకి మల్టీమీటర్ కన్నా 12 వోల్టుల చిన్న బల్బు మేలు. లాక్ నొక్కినప్పుడు కరెంటు అర సెకను కన్నా ఎక్కువ రాదు. మీటర్ అంకె చూపేలోపే పోతుంది, బల్బు మాత్రం మెరుస్తుంది. మెరిస్తే మోటారు పోయినట్టు, మెరవకపోతే వైరు వెతకాలి.

కావలసినవి: 2, 3 నంబర్ల స్టార్ స్క్రూ డ్రైవర్లు, టీ30 టార్క్స్ బిట్ (ఆరు మొనల గుంట ఉన్న స్క్రూలకి), 10 మి.మీ. సాకెట్, టార్చ్, మాస్కింగ్ టేపు, వైట్ లిథియం గ్రీజు, ప్యానెల్ (డోర్ లోపలి వైపు కవరు) క్లిప్పులు అర డజను. క్లిప్పులు ముందే కొనిపెట్టుకోండి. పాతవాటిలో రెండు మూడు విరగక మానవు.

అద్దం పూర్తిగా పైకెత్తి, తాళంచెవి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగిటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. ప్యానెల్ స్క్రూలు హ్యాండిల్ గిన్నెలో, చేతి ఆనుడు కింద చిన్న మూతల వెనక దాగి ఉంటాయి. చేత్తో తిప్పే అద్దమైతే ఆ హ్యాండిల్ వెనక ఒక స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. పాత గుడ్డను సందులో పెట్టి అటూ ఇటూ లాగితే ఊడుతుంది, కానీ ఎగిరిపోతుంది, కింద దుప్పటి పరచండి. స్క్రూలన్నీ తీశాక కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పు క్లిప్పుగా లేపి, చివర ప్యానెల్‌ను పైకెత్తాలి. బలంగా లాగాల్సి వస్తోందంటే ఇంకా ఒక స్క్రూ మిగిలిందని అర్థం.

డోర్ మూసుకుపోయి ఏ హ్యాండిల్‌తోనూ తెరుచుకోకపోతే పని కష్టం. లాచ్ స్క్రూలు డోర్ అంచున ఉంటాయి, మూసి ఉంటే అందవు. సీటు వీలైనంత వెనక్కి జరిపి, ప్యానెల్‌ను లోపలి నుంచే ఓపికగా వదులు చేసి, టార్చ్ వెలుగులో పొడవాటి స్క్రూ డ్రైవర్‌తో లాచ్ మీది మీటను నొక్కాలి. ప్యానెల్ అంచు కాస్త పాడవుతుంది, దానికి సిద్ధపడాలి.

ప్యానెల్ వెనక ప్లాస్టిక్ షీటును చింపకండి. నల్లటి బంకను బ్లేడుతో కోస్తూ, అవసరమైనంతే ఒలవండి. రాడ్డు క్లిప్పులను రాడ్డు మీద నుంచి పక్కకు తిప్పితే రాడ్డు దానంతటదే వస్తుంది, లాగితే విరుగుతుంది. రాడ్డులు విప్పే ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి, ఏ రాడ్డు ఏ రంధ్రంలోదో తర్వాత గుర్తుండదు. లాచ్‌ని డోర్ అంచున సాధారణంగా మూడు స్క్రూలు పట్టి ఉంచుతాయి. వాటికి ఫ్యాక్టరీలోనే జిగురు పూస్తారు కాబట్టి మొండికేస్తాయి. బిట్ పూర్తిగా దిగిందని చూసుకుని, శరీర బరువంతా మోపి, ఒక్క ఉదుటున తిప్పండి. బేగి తేల్చేద్దామని అరకొరగా బిట్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఇక డ్రిల్లే గతి.

బయటికొచ్చిన లాచ్‌ని డబ్ల్యూడీ-40తో కడగొచ్చు. కానీ అది మురికిని కరిగించేందుకే, ఎక్కువ కాలం కందెనగా నిలవదు. మోటారు వైపు, కనెక్టర్ వైపు కొట్టకండి. ఆరాక కదిలే చోట్ల మాత్రమే లిథియం గ్రీజు పలుచగా రాయాలి. ఉద్దానంలో చేతికందేది కొబ్బరి నూనె. దాన్ని మాత్రం వాడకండి. అది దాదాపు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. పుష్యమాసం తెల్లవారుజామున లాచ్ స్ప్రింగు దాన్ని తోసుకుని వెనక్కి రాలేదు. పైగా దుమ్మును పట్టి బంకలా తయారవుతుంది. తాళం రంధ్రంలోకి గ్రీజు కూడా వద్దు, గ్రాఫైట్ పొడే. దొరక్కపోతే చెవి మీద పెన్సిల్ బాగా రుద్ది పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి.

నిజంగా లాచ్ పోతే పాతది చేత్తో పట్టుకెళ్లి కొనండి. కుడి, ఎడమ, ముందు, వెనక వేరువేరు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరక్కపోతే వైజాగ్ ఆటోనగర్‌లో వెతకాలి.

బిగించేటప్పుడు బయటి హ్యాండిల్ రాడ్డుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు వదులు లేకపోతే లాచ్ సగం తెరుచుకునే ఉంటుంది, కారు గతుకుల్లో పడితే డోర్ తెరుచుకుంటుంది. ఎక్కువైతే హ్యాండిల్ పూర్తిగా లాగినా తెరుచుకోదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: పరీక్షించకుండా డోర్ మూయకండి. డోర్ తెరిచే ఉంచి, స్క్రూ డ్రైవర్ కడ్డీతో లాచ్ నాలుకను నొక్కండి. రెండు టిక్కులు వినపడాలి. తర్వాత లోపలి హ్యాండిల్ లాగితే విడవాలి. మళ్లీ నొక్కి, బయటి హ్యాండిల్‌తో చూడాలి. బ్యాటరీ కలిపి రిమోట్‌తో, ఆపైన తాళంచెవితో కూడా. ఒక్కటి తప్పినా డోర్ మూసేస్తే, ముందు చెప్పిన మూసుకుపోయిన డోర్ కష్టం మీదే.

అన్నీ సరిగా ఉండి కూడా డోర్ గట్టిగా కొడితేగాని పడకపోతే తప్పు లాచ్‌ది కాదు, స్ట్రైకర్‌ది (లాచ్ పట్టుకునే, కారు స్తంభం మీది కొక్కెం). దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసి, బోల్టులు కొంచెం వదులు చేసి, ఒక్కోసారి ఒక మిల్లీమీటరే జరపండి. మూసేటప్పుడు డోర్ పైకి లేస్తోందంటే కీలు అరిగి డోర్ వాలిపోయింది, స్ట్రైకర్ జరిపి లాభం లేదు.

షీటు అతికించడాన్ని చాలామంది పట్టించుకోరు. అద్దం పక్క నుంచి డోర్ లోపలికి నీళ్లు ఎప్పుడూ దిగుతూనే ఉంటాయి. ఆ షీటే వాటిని కిందికి మళ్లించి, అడుగు రంధ్రాల గుండా పంపేస్తుంది. అది చిరిగితే వాన నీరు కార్పెట్ కిందికి చేరుతుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫాను వానలు చూసిన జిల్లా మనది. పాత బంకను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి నొక్కితే అతుక్కుంటుంది. మట్టి పట్టి ఉంటే బ్యూటైల్ టేపు (రబ్బరు బంక టేపు) వేయండి. సెల్లోటేపు, ఫెవికాల్ తేమకి నిలవవు. అడుగు రంధ్రాల్లో మట్టిని పుల్లతో తీసి, ప్యానెల్ పెట్టేముందు అద్దం అంచున ఒక చెంబు నీళ్లు మెల్లగా పోయండి. నీళ్లన్నీ డోర్ కింది నుంచి కారాలి. షీటు ఇవతల తడి కనపడితే, ఆ చోట మళ్లీ వేడిచేసి నొక్కాక గానీ ప్యానెల్ బిగించకండి.